అప్‌డేట్: ఎక్సెల్ మాక్రోలో సేవ్ చేసే చోటు యూజరే ఎంచుకోవడం – పరిష్కారం దొరికింది

సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. నా ప్రశ్న గుర్తుందిగా: జీతాల షీట్ మాక్రోలో (ఎక్సెల్‌లో పనులు తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రామ్) గెట్‌సేవ్‌యాజ్‌ఫైల్‌నేమ్ అనే కమాండ్ పెడితే ఫైల్ ఎక్కడ సేవ్ చేయాలో అడిగే విండో వస్తోంది, ఫోల్డర్ ఎంచుకుని సేవ్ నొక్కితే ఫైల్ మాత్రం ఎక్కడా కనిపించడం లేదు.

సమాధానాల్లో ఒకరు చెప్పిందే అసలు విషయం. ఆ కమాండ్ ఫైల్ పేరు, దారి (ఏ ఫోల్డర్‌లో ఉండాలో చెప్పే చిరునామా) అడిగి తెచ్చి ఇస్తుందంతే, సేవ్ చేయదు. ఆ దారిని తీసుకుని కింద విడిగా, నిజంగా సేవ్ చేసే సేవ్‌యాజ్ కమాండ్ రాయాలి. రాశాక 1004 ఎర్రర్ వచ్చింది. మాక్రో ఉన్న ఫైల్‌ని మాక్రోలు ఉంచుకోని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకంగా సేవ్ చేయబోతున్నాం కదా, సేవ్‌యాజ్‌లో ఫైల్‌ఫార్మాట్‌కి ఆ రకం నంబరు 51 ఇస్తే ఎర్రర్ పోయింది. కొత్త కాపీలో మాక్రోలు ఉండవని ఎక్సెల్ హెచ్చరిస్తుంది, యెస్ నొక్కాలి. మాక్రోలు కూడా కావాలంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ రకం, నంబరు 52 ఇవ్వాలి.

ఇంకో తమాషా. మా అకౌంటెంట్ గారు క్యాన్సిల్ కొడితే 'ఫాల్స్' అనే పేరుతో ఫైల్ తయారైంది! క్యాన్సిల్ చేస్తే వచ్చేది దారి కాదు, ఫాల్స్ అనే విలువ. ఆ దారిని ఉంచుకునే వేరియబుల్‌ని స్ట్రింగ్ (అక్షరాలు మాత్రమే పట్టేది) బదులు వేరియంట్‌గా (ఏ రకం విలువైనా పట్టేది) పెట్టి, వచ్చింది బూలియన్ (ట్రూ/ఫాల్స్ విలువ) అయితే ఎగ్జిట్ సబ్, అంటే మాక్రో అక్కడే ఆగాలి అన్నాను.

ట్రస్ట్ సెంటర్ (ఎక్సెల్ భద్రత) సెట్టింగులకీ, ఆఫీస్ రీఇన్‌స్టాల్‌కీ దీనితో సంబంధం లేదు. ఫోల్డర్ ఒక్కటే అడిగితే చాలనుకునేవాళ్లు ఫైల్‌డైలాగ్ అనే కమాండ్‌లోని ఫోల్డర్ పికర్ వాడండి.