పన్ను తీసే ముందు ఇచ్చే మత్తు సూది కణాల్లో కొవ్వు పేరుస్తుందా?

కవిటి కొబ్బరితోట:
సోమవారం అమ్మకి దవడ పన్ను తీయించాలి. కొన్ని మత్తుమందుల వల్ల కణాల్లో కొవ్వు పేరుకుపోతుందని, దాన్ని ఫాస్ఫోలిపిడోసిస్ అంటారని బయోటెక్ చదివే తమ్ముడు ఇంట్లో చెప్పాడు. అంతే, అమ్మ సూదే వద్దంటోంది. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ప్రాంతం. మా వీధిలోనే ముగ్గురు డయాలసిస్‌కి వెళ్తున్నారు. ఇక్కడ 'ఏం కాదులే' అంటే ఎవరు వింటారు?

నాగావళి గట్టు:
తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. కణంలో లైసోజోమ్ అని చెత్తను అరగదీసే సంచి ఉంటుంది, లోపలంతా పులుపు. కొవ్వులో కరుగుతూ, ఒక కొసన అమైన్ (నత్రజని ఉన్న క్షార భాగం) ఉన్న మందు అందులోకి దూరితే ఆ పులుపులో ప్రోటాన్ అంటుకుని, విద్యుదావేశం వచ్చి, మావులో పడ్డ చేపలా బయటికి రాలేదు. కొవ్వును విడగొట్టే ఎంజైములు మందగిస్తాయి. ఫాస్ఫోలిపిడ్లనే ఆ కొవ్వులు ఉల్లిపాయ పొరల్లా పేరుకుంటాయి. డైబుకైన్ అనే మత్తుమందుది ఇలాంటి నిర్మాణమే. పళ్ళ డాక్టర్లు మామూలుగా వాడే లిగ్నోకైన్ కొవ్వులో అంతగా కరగదు. 2 శాతం మందు 2 ఎంఎల్ ఇస్తే 40 మిల్లీగ్రాములు. రెండు గంటలు తిరక్కుండానే రక్తంలో సగానికి తగ్గుతుంది, కొవ్వు పేరుకునేంత సేపు ఉండదు.

బొబ్బిలి మాస్టారు:
ఒక్క సూదికే లెక్క కడితే ఎలా బాబూ? మా ఆవిడ గుండె దడకి నాలుగేళ్ళుగా అమియోడరోన్ వాడుతోంది. అదీ ఈ జాతి మందేనని మాకెవరూ చెప్పలేదు. కళ్ళజోడుకి వెళ్తే నల్లగుడ్డు మీద గీతలు చూసి కంటి డాక్టరు అడిగారు, అప్పుడు తెలిసింది.

నాగావళి గట్టు:
మాస్టారూ, తేడా అక్కడే ఉంది. అమియోడరోన్ ఒంట్లో సగానికి తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. రోజూ వేసుకుంటే పేరుకోక ఏం చేస్తుంది? ఇంకో సంగతి, ఒంట్లో లిగ్నోకైన్ విరిగిపోవడాన్ని కూడా అది నెమ్మది చేస్తుంది. మీ ఆవిడగారికి పన్ను తీయిస్తే ఆ మాట పళ్ళ డాక్టరుకి ముందే చెప్పండి.

ల్యాబ్ కోటు:
ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో పెంచిన కణాల్లో కనబడినదంతా ఒంట్లో జరగదండీ. కోవిడ్‌కి పాత మందులు వెతికినప్పుడు పళ్ళెంలో వైరస్‌ని ఆపినవి చాలా వచ్చాయి. వాటిలో చాలావాటి పని వెనక ఉన్నది ఈ ఫాస్ఫోలిపిడోసిసేనని 2021లో 'సైన్స్' అనే పత్రికలో వ్యాసం వచ్చింది. ఎలుకలకి ఇచ్చి చూస్తే వైరస్ తగ్గలేదు.

కవిటి కొబ్బరితోట:
అవన్నీ సరే, కిడ్నీ మాటేంటి? మలేరియా మందు క్లోరోక్విన్‌తో కిడ్నీలో ఇలాగే పేరుకుంటుందని తమ్ముడంటున్నాడు.

నాగావళి గట్టు:
నిజమే, అదీ నెలలూ ఏళ్ళూ వాడినవాళ్ళలో. మీరు కంగారు పడాల్సింది సూది గురించి కాదు, పన్ను తీశాక రాసే నొప్పి బిళ్ళల గురించి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. అమ్మ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు డాక్టరు ముందు పెట్టి, పారాసెటమాల్‌తో సరిపెట్టవచ్చా అని అడగండి. బీపీ ఉంటే అదీ చెప్పండి, సూదిలో అడ్రినలిన్ కలిపి ఉండొచ్చు, అది బీపీని పెంచగలదు.

బొబ్బిలి మాస్టారు:
సూది సంగతి ఒప్పుకున్నాను. ఏళ్ళ తరబడి వాడే బిళ్ళల విషయంలో మాత్రం నా మాట మారదు. అట్ట మీద తెలుగులో నాలుగు ముక్కలు రాయడానికేం?

కవిటి కొబ్బరితోట:
అమ్మ రిపోర్టు వెతుకుతున్నాం. బియ్యం డబ్బా కింద పెట్టిందట.