అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాకినాడ పాయింట్‌గార్డ్
అందరికీ నమస్కారం. యూనివర్సిటీ జట్టుకు పాయింట్‌గార్డ్‌గా ఆడాను. ఆగస్టులో స్పోర్ట్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ కోసం ఎఫ్-1 వీసా మీద అమెరికా వెళ్తున్నాను. ఆ కాలేజీకి డివిజన్-1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) పురుషుల జట్టు ఉంది. కాలేజీ జట్టుకు అసిస్టెంట్ కోచ్ కావాలన్నది లక్ష్యం. గ్రాడ్యుయేట్ మేనేజర్, వీడియో కోఆర్డినేటర్, ఆపరేషన్స్ డైరెక్టర్ అని రకరకాల హోదాలు కనిపిస్తున్నాయి. వీటిలో ఏది కోచ్‌ల బెంచి దాకా తీసుకెళ్తుంది? పెద్ద కాలేజీనే పట్టుకుని ఉండాలా, చిన్న కాలేజీకి మారాలా? వీసా ఎక్కడ అడ్డొస్తుంది?

ఫిల్మ్‌రూమ్
ముందు బెంచి లెక్క తెలుసుకోండి. డివిజన్-1లో చాలాకాలం హెడ్ కోచ్ కింద ముగ్గురే అసిస్టెంట్లు. 2023 జులై 1 నుంచి మరో ఇద్దరిని పెట్టుకోవచ్చని కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. ఆ ఇద్దరూ ప్రాక్టీసులో ఆట నేర్పొచ్చు, రిక్రూటింగ్ (కొత్త ఆటగాళ్ళను వెతికి చేర్చుకోవడం) కోసం మాత్రం క్యాంపస్ దాటకూడదన్నది అప్పుడు పెట్టిన షరతు. అంతకుముందు వీడియో కోఆర్డినేటర్ కోర్టు మీద ఆటగాడి అడుగు సరిదిద్దినా ఉల్లంఘన కిందే లెక్క. "ఆపరేషన్స్ వైపు వెళ్తే అక్కడే ఇరుక్కుపోతావు" అన్న సలహా ఆ రోజుల నాటిది. కొత్త కుర్చీలు రెండు వచ్చాక వీడియో, ఆపరేషన్స్ గదుల నుంచి బెంచికి దారి దగ్గరైంది.

మీకు మొదట దొరికేది గ్రాడ్యుయేట్ మేనేజర్ పనే. ట్యూషన్‌లో కొంత మాఫీ, చిన్న స్టైపెండ్; కొన్నిచోట్ల అవీ ఉండవు. ప్రాక్టీసుకు ముందే కోర్టు సిద్ధం చేయాలి, షూటింగ్ డ్రిల్స్‌లో రీబౌండ్ పట్టి బంతి అందించాలి, గడియారం నడపాలి, వీడియో తీయాలి, డిఫ్లెక్షన్లు (ప్రత్యర్థి బంతికి చేయి తగిలించడం), పెయింట్ టచ్‌లు (బుట్ట ముందు రంగు వేసిన చోటికి బంతి చేరడం) లెక్క రాయాలి. ఆటగాడికి టెక్నిక్ నేర్పడం మాత్రం మేనేజర్ చేయకూడదు. ఉత్సాహం కొద్దీ నోరు జారితే ఉల్లంఘన రాసుకోవాల్సింది మీ కోచే. మీ హోదాకు ఏది చెల్లుతుందో కంప్లయన్స్ ఆఫీసుకు (నిబంధనలు చూసే విభాగం) మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

ఈ పనిని చిన్నచూపు చూడొద్దు. మిషిగన్ హెడ్ కోచ్ డస్టీ మే ఇండియానా యూనివర్సిటీలో పేరున్న కోచ్ బాబ్ నైట్ జట్టుకు స్టూడెంట్ మేనేజర్. బ్రాడ్ స్టీవెన్స్ 2000లో మందుల కంపెనీ ఎలై లిల్లీలో ఉద్యోగం వదిలి బట్లర్ యూనివర్సిటీలో జీతం లేకుండా చేరాడు, 2007లో అక్కడే హెడ్ కోచ్ అయ్యాడు. అయితే అందరికీ అంత తొందరగా రాదు. గొంజాగాలో దాదాపు 20 ఏళ్ళు అసిస్టెంట్‌గా ఉన్న టామీ లాయిడ్‌కు అరిజోనా పగ్గాలు దక్కింది 2021లో.

హాఫ్‌కోర్ట్ హనుమకొండ
తమ్ముడూ, హోదా సంగతి తర్వాత. అసిస్టెంట్‌ను నిలబెట్టేది స్కౌటింగ్, అంటే ప్రత్యర్థి ఆటను ముందే చదివి పెట్టడం. సీజన్‌లో 30 పైచిలుకు మ్యాచ్‌లు, ప్రత్యర్థులను అసిస్టెంట్లు పంచుకుంటారు. నీ వంతు జట్టు గురించి మ్యాచ్ రోజుకు హెడ్ కోచ్ కన్నా నీకే ఎక్కువ తెలిసి ఉండాలి. ఈ పని విమానం ఎక్కకముందే మొదలుపెట్టొచ్చు.

పూర్తి మ్యాచ్‌లు దొరికే ఒక మిడ్-మేజర్ (పెద్ద లీగ్‌లకు బయటి డివిజన్-1) జట్టును ఎంచుకుని చివరి 5 మ్యాచ్‌లు చూడు. మొదటిసారి ఎక్కడా ఆపకు. రెండోసారి ఆపి ఆపి రాసుకో: ఎక్కువగా ఆడే 8–10 హాఫ్‌కోర్ట్ సెట్లు (ముందే కట్టుకున్న ఆట పథకాలు), బేస్‌లైన్ ఇన్‌బౌండ్ ప్లేలు (గీత బయటి నుంచి బంతి వేసేవి) 3, సైడ్‌లైన్‌వి 2, టైమవుట్ నుంచి రాగానే ఏం ఆడుతున్నారు, బాల్ స్క్రీన్‌కు (బంతి ఉన్నవాడిని కాసేవాడికి అడ్డు నిలవడం) వాళ్ళ డిఫెన్స్ డ్రాప్ చేస్తుందా (వెనక్కి తగ్గడం), హెడ్జ్ చేస్తుందా (ముందుకొచ్చి ఆపడం), స్విచ్ చేస్తుందా (కాసే మనుషులను మార్చుకోవడం), ఐస్ చేస్తుందా (పక్క గీత వైపు నెట్టడం). ఒక్కో ఆటగాడి గురించి రెండే వాక్యాలు: ఏ చేతి వైపు దూసుకెళ్తాడు, పట్టగానే కొడతాడా లేక డ్రిబుల్ చేసి కొడతాడా, మనం అతని నుంచి ఏం లాగేసుకోవాలి. మొత్తం 2 పేజీలు దాటకూడదు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది క్లిప్పులు కత్తిరించే దగ్గర. పాయింట్ వచ్చినవే ఏరుతారు. షాట్ తప్పినా సెట్ సెట్టే. పడిన షాట్లే చూపిస్తే మామూలు షూటర్ కూడా మన కుర్రాళ్ళ కంటికి పులిలా కనిపిస్తాడు, ఊరికే అతని మీదికి ఎగబడి వెనక దారి వదిలేస్తారు. రెండో తప్పు, 20 పాయింట్ల తేడా వచ్చాక బెంచి కుర్రాళ్ళు ఆడిన ఆట నుంచి క్లిప్పులు తీయడం. మూడోది, గాయంతో కూర్చున్న గార్డ్ తిరిగొచ్చాడని గమనించకుండా పాత లైనప్ లెక్కలు ఇవ్వడం. కాన్ఫరెన్స్‌లో (జట్టు ఆడే లీగ్) ఒకే జట్టుతో రెండోసారి తలపడేటప్పుడు ప్లేల పేర్లు, చేతి సైగలు మార్చేస్తారు. అందుకే పేరు విని కాదు, మొదట ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసి సెట్‌ను గుర్తుపట్టడం నేర్పాలి.

నిడివి గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. సీజన్‌లో ఆటగాడి సమయం వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలే. జట్టంతా కూర్చుని వీడియో చూసే సమయం కూడా ఆ 20లోకే వస్తుంది. మ్యాచ్ రోజుకు 3 గంటలు కట్ చేస్తారు. నువ్వు 45 నిమిషాలు వీడియో చూపిస్తే ఆ మేరకు ప్రాక్టీసు తగ్గినట్టే. 15 నిమిషాల్లో ముగించు. ఆటగాళ్ళకు గుర్తుండేది మూడు విషయాలే, ఆ మూడూ ఏవో నువ్వే తేల్చు. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే సినర్జీ, హడల్, ఫాస్ట్‌డ్రా పేర్లు వింటావు. అక్కడికెళ్ళాక వారంలో చేయి తిరుగుతుంది. కన్ను అంత తొందరగా తిరగదు.

డివిజన్ టూ
చిన్న కాలేజీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా మాట. డివిజన్-2, డివిజన్-3, ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల వేరే సంఘం), జూనియర్ కాలేజీల్లో హెడ్ కోచ్ కింద ఒక్కరో ఇద్దరో ఉంటారు. చేరిన వారానికే స్కౌట్, రిక్రూటింగ్, వ్యాన్ నడపడం, యూనిఫాంలు ఉతికించడం, క్లాసులకు వెళ్ళారో లేదో చూడటం అన్నీ మీ మీద పడతాయి. డివిజన్-3లో క్రీడా స్కాలర్‌షిప్‌లే లేవు కాబట్టి రిక్రూటింగ్ అంటే ఫీజు, ఆర్థిక సాయం గురించి తల్లిదండ్రులతో ఓపికగా మాట్లాడటం. డివిజన్-2 పురుషుల జట్టుకు 10 స్కాలర్‌షిప్‌లు, వాటిని ముక్కలు చేసి పంచాలి. ఆ లెక్క వచ్చినవాడికి ఎక్కడైనా విలువ ఉంటుంది. పెద్ద జట్టులో అయిదేళ్ళు వీడియో గదిలోనే ఉండి రిక్రూటింగ్ ఫోన్ ఒక్కటీ చేయనివాళ్ళు అసిస్టెంట్ ఇంటర్వ్యూలో "నీ వల్ల ఎవరు వచ్చి చేరతారు?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. నా ఓటు: మాస్టర్స్ రెండేళ్ళూ డివిజన్-1లో, తర్వాత చిన్న కాలేజీలో అసలు కోచింగ్.

రిక్రూటింగ్ నిబంధనలు గట్టిగా చదవండి. డివిజన్-1, డివిజన్-2లో క్యాంపస్ బయట రిక్రూట్ చేయాలంటే ఏటా ఎన్‌సీఏఏ పరీక్ష పాసవ్వాలి. క్యాలెండర్‌లో డెడ్ పీరియడ్ (ఆటగాడిని ముఖాముఖి కలవకూడదు), క్వైట్ పీరియడ్ (క్యాంపస్‌లోనే కలవొచ్చు) తేడా తెలియక కొత్తవాళ్ళు దొరికిపోతారు. 2017 సెప్టెంబర్‌లో ఎఫ్‌బీఐ నాలుగు పెద్ద యూనివర్సిటీల అసిస్టెంట్ కోచ్‌లను లంచాల కేసులో అరెస్టు చేసింది. ఆటగాళ్ళతోనూ ఏజెంట్లతోనూ దగ్గరగా మెలిగే కుర్చీ ఇది, ప్రలోభాలు ముందుగా దాని దగ్గరికే వస్తాయి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరిచ్చే ఆన్‌లైన్ జాబితా) వచ్చింది 2018లో. చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చని 2024లో తేల్చాక, ప్రతి వసంతంలో సగం జట్టును కొత్తగా కట్టుకోవాల్సి వస్తోంది. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకు డబ్బు పంచుతున్నాయి, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి అన్ని ఆటలకూ కలిపి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అందుకే జనరల్ మేనేజర్ అనే కొత్త కుర్చీ కూడా పుట్టింది. బడ్జెట్ లెక్కలు వచ్చిన మేనేజ్‌మెంట్ విద్యార్థికి అదొక దారి.

అసిస్టెంట్ పదవి దొరికిందని నిశ్చింతగా ఉండొద్దు, ఇల్లలకగానే పండగ కాదు. మార్చిలో హెడ్ కోచ్‌ను తీసేస్తే బెంచి మొత్తం ఖాళీ అవుతుంది. ఒప్పందంలో మిగిలిన డబ్బు హెడ్ కోచ్‌కు వస్తుంది; చాలామంది అసిస్టెంట్లది ఏడాది ఒప్పందమే. ఒకప్పుడు జీతమూ కట్టేశారు: నాలుగో కోచ్‌కు ఏడాదికి 16,000 డాలర్లకు మించకూడదన్న ఎన్‌సీఏఏ నియమం 1992లో అమల్లోకి వచ్చింది. కోచ్‌లు కోర్టుకెక్కి గెలిచారు, 1999లో 5.45 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఇప్పుడున్న జీతాలకు ఆ పోరాటం కూడా ఒక కారణం. అందుకని పక్క జట్ల అసిస్టెంట్లతోనూ పరిచయం ఉంచుకోండి. ఏటా ఏప్రిల్‌లో ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీ చివరి మ్యాచ్‌లు) జరిగే ఊళ్ళోనే కోచ్‌ల సంఘం ఎన్‌ఏబీసీ సదస్సు ఉంటుంది. సగం ఉద్యోగాల మాట హోటల్ లాబీల్లోనే నడుస్తుంది.

వీసా లెక్కలు
వీసా సంగతి నేను చెప్తాను. ఎఫ్-1 మీద క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలే. మేనేజర్ పని సీజన్‌లో ఆ గీత తేలిగ్గా దాటుతుంది. "మిగతాది స్వచ్ఛందం" అని రాసుకుంటే సరిపోతుందనుకోవద్దు, చేరకముందే ఇంటర్నేషనల్ ఆఫీసును అడగండి. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) పొడిగింపు వస్తుందో రాదో మీ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీది కోర్సు కోడ్ చూస్తే తెలుస్తుంది. స్పోర్ట్ మేనేజ్‌మెంట్‌కు మామూలుగా రాదు.

మీకు అనుకూలించేది ఒకటుంది: యూనివర్సిటీలు, లాభాపేక్ష లేని కాలేజీలు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ పరిధిలోకి రావు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు. చిక్కు వేరేచోట ఉంది. ఆ ఉద్యోగానికి ఫలానా రంగంలోనే డిగ్రీ కావాలని చూపించాలి. ప్రకటనలో "ఏ డిగ్రీ అయినా సరే" అని ఉంటే కేసు బలహీనపడుతుంది. ఒప్పుకునే ముందు ప్రకటన భాష చూసుకోండి, ఇమిగ్రేషన్ వకీలు ఖర్చు కాలేజీ భరిస్తుందో లేదో అడగండి. చాలా చిన్న కాలేజీలు ఆ పని ఎన్నడూ చేసి ఉండవు.

కాకినాడ పాయింట్‌గార్డ్
అందరికీ ధన్యవాదాలు. రేపటి నుంచే స్కౌట్ మొదలుపెడతాను. మెయిల్ హెడ్ కోచ్‌కే పెట్టాలా?

ఫిల్మ్‌రూమ్
ఆపరేషన్స్ డైరెక్టర్‌కు పెట్టండి, మేనేజర్లను చూసుకునేది సాధారణంగా ఆయనే. ఏప్రిల్‌లో పోర్టల్ హడావిడి ఉంటుంది, అది సద్దుమణిగాక పంపండి. ఆరు వాక్యాలు చాలు: ఎవరు, ఏ కోర్సు, ఏ తేదీన దిగుతారు, క్లాసులు పోను ఏ గంటలు ఖాళీ, వారానికి 20 గంటల పరిమితి, జతచేసిన స్కౌట్ దేని గురించి. సర్టిఫికెట్లు అక్కర్లేదు. 2 పేజీల స్కౌట్, 6 నిమిషాల వీడియో లింకు పెట్టండి. లింకు పాస్‌వర్డ్ అడగకుండా ఫోన్‌లో తెరుచుకుంటుందో లేదో పంపేముందు వేరే ఫోన్‌లో చూడండి. పది రోజులకు జవాబు రాకపోతే అదే మెయిల్ కిందే ఒక్క వాక్యంతో గుర్తుచేయండి.