లాన్ చానీ చిత్రాలు చూసినవారి అనుభవాలు

రీలుడబ్బా: 1925 నాటి ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ను నిన్న రాత్రి మొదటిసారి చూశాను. కథానాయిక వెనుకనుంచి వచ్చి ముసుగు లాగివేసే ఘట్టంలో నిజంగానే ఉలిక్కిపడ్డాను. ఆ భయంకరమైన ముఖాన్ని అమెరికన్ మూకీ చిత్రాల నటుడు లాన్ చానీ తన చేతులతో తానే దిద్దుకున్నాడట. ఆయన గొప్పతనమంతా మేకప్‌దేనా? చూసినవారు చెప్పగలరు.

తెనాలి పాఠకురాలు: కాదనే నా అభిప్రాయం. మా అమ్మకు పుట్టుకతోనే వినపడదు కనుక మా ఇంట్లో మాటలన్నీ చేతులతోనూ కనుబొమలతోనూ సాగుతాయి. 1923లో వచ్చిన ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్’ను కలిసి చూస్తూ, మధ్యమధ్య తెరపై వచ్చే ఇంగ్లీషు వాక్యాలను నేను వివరించబోతే, అమ్మ అక్కరలేదని వారించి, చానీ వేసిన, చెవిటివాడైన ఆ చర్చి గంటలు మోగించేవాడి మనసులో ఏముందో తిరిగి నాకే చెప్పింది. ఆ తరువాత చానీ జీవితం చదివాను. 1883 ఏప్రిల్ 1న కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టిన ఆయనకు తల్లీ తండ్రీ ఇద్దరూ బధిరులే. కీళ్ళజబ్బుతో తల్లి మంచం పట్టినప్పుడు, బయట చూసినవన్నీ ఆమె ముందు అభినయించి చూపడం ఆ పిల్లవాడి పని అయింది.

పాతచిత్రాభిమాని: పాఠకురాలి గారి మాట నిజమే అయినా మేకప్‌ను తీసిపారేయకండి. 1929 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఆ విషయంపై వ్యాసం రాసింది ఆయనే. అయితే 1920లో వచ్చిన ‘ది పెనాల్టీ’లో కాళ్ళు లేని నేరస్థుడిగా నటించడానికి, పిక్కలను వెనక్కి మడిచి కట్టుకుని, మోకాళ్ళకు తోలు తొడుగులు బిగించుకుని నడిచాడు. దానిని మేకప్ అనాలో, ఆత్మహింస అనాలో నాకు తెలియదు. చూస్తున్నంతసేపూ నా మోకాళ్ళే లాగాయి.

రీలుడబ్బా: మరి టాకీలలో ఆయన నటించలేదా?

పాతచిత్రాభిమాని: ఒక్కదానిలోనే నటించాడు. తన 1925 నాటి మూకీనే మళ్ళీ తీసిన ‘ది అన్‌హోలీ త్రీ’ అది. అందులో ముసలమ్మ, చిలుక సహా ఐదు గొంతులూ తనవేనని ప్రమాణపత్రంపై సంతకం కూడా చేశాడు. చిత్రం విడుదలైన కొద్ది వారాలకే, 1930 ఆగస్టు 26న, 47వ ఏట మరణించాడు.

తెనాలి పాఠకురాలు: ఆ టాకీని అమ్మకు చూపించాను. ముసలమ్మ వేషం చూసి నవ్వింది గాని, మనుషులు నిలబడి పెదవులు కదపడం ఎక్కువయ్యేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.