మేపుల్ సిరప్‌కి ఎండలు నిజంగా ముప్పేనా?

ఉత్తరగాలి:
"మేపుల్ సిరప్ ఇంకెన్నాళ్లో ఉండదు" అని ఏటా మార్చిలో వార్తలొస్తాయి. మేపుల్ చెట్టు రసాన్ని కాచి చేసే తీపి పాకం ఇది. ప్రపంచంలో మూడింట రెండు వంతులకు పైగా సిరప్ కెనడాలోని క్వెబెక్‌దే. అక్కడ 2024లో సుమారు 23.9 కోట్ల పౌండ్లతో రికార్డు కొట్టారు. ఇక ముప్పెక్కడ?

గోదారిగట్టు:
ఒక్క ఏడాది చూసి ఎలా చెప్తారండీ? 2021లో సుమారు 13.3 కోట్లు, 2022లో 21.1, 2023లో 12.4. నన్ను భయపెట్టేది ఈ ఊగిసలాటే. రాత్రి గడ్డకట్టే చలి, పగలు నాలుగైదు డిగ్రీల వేడి ఉంటేనే చెట్టులో ఒత్తిడి పుట్టి రసం కారుతుంది. 2021లో వసంతం తొందరగా వేడెక్కింది. అక్కడి ఉత్పత్తిదారుల సంఘం తన నిల్వలోంచి సుమారు 5 కోట్ల పౌండ్లు బయటికి తీయాల్సి వచ్చింది.

ఉత్తరగాలి:
నిల్వ పెట్టుకున్నది అందుకే కదా! సీజన్ ముందుకు జరిగితే పని ముందే మొదలుపెడతారు. చెట్టులోంచి రసాన్ని పీల్చే వాక్యూమ్ గొట్టాలున్నాయి, అంతగా అయితే ఇంకా ఉత్తరాన తోటలు వేసుకుంటారు.

వెర్మాంట్‌వాసి:
ఆ వాక్యూమ్ పంపులు, నీరు వేరుచేసే రివర్స్ ఆస్మాసిస్ మెషీన్లు ఎవరు కొనగలరు? లీటరు సిరప్‌కి దాదాపు 40 లీటర్ల రసం కాచాలి. బకెట్లు కట్టుకునే చిన్న రైతుకి రెండు వారాలు పోతే ఆ ఏడాది పోయినట్టే.

గోదారిగట్టు:
సరిగ్గా చెప్పారు. ముందే మొదలుపెట్టడానికీ హద్దుంది. చెట్టుకి పెట్టిన రంధ్రంలో సూక్ష్మజీవులు చేరి, కొన్ని వారాలకి రసం తగ్గిపోతుంది. మొగ్గలు ఉబ్బాయంటే రుచి చెడిపోతుంది. ఉత్తరాన ఈరోజు మొక్క నాటితే రసం తీసే లావుకి రావడానికి 40 ఏళ్లు పట్టొచ్చు, అదీ నేల సరిపడితే.

అన్నిటికంటే నాకు బాధ వేర్ల గురించి. నేలమీద మంచు మందంగా ఉంటే వేర్లకి చలి తగలదు. అమెరికాలో న్యూహాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో పరిశోధకులు కొన్నిచోట్ల మంచు తీసేసి చూశారు. నేల గడ్డకట్టి వేర్లు దెబ్బతిన్నాయి, మేపుల్ చెట్ల ఎదుగుదల తగ్గింది. రికార్డు దిగుబడి వెనక కొత్తగా పెట్టిన లక్షల రంధ్రాలూ, పంపులూ ఉన్నాయి. చెట్లు బాగున్నాయని అది చెప్పదు.

ఉత్తరగాలి:
అయితే ఏం చేయమంటారు?

గోదారిగట్టు:
ఒక్క షుగర్ మేపుల్‌నే నమ్ముకోకుండా రెడ్ మేపుల్‌నీ, మిగతా జాతుల్నీ తోటలో ఉండనివ్వాలి. దిగుబడి బాగున్న ఏళ్లలోనే చిన్న రైతుల పరికరాలకి సాయం అందాలి. నిల్వ ఖాళీ అయ్యాక మొదలుపెడితే ఆలస్యమే.