అప్‌డేట్: ఆకు పసుపెక్కితే పల్లి పీకాల్నా?

వనపర్తి దిక్కు చెల్కల యాసంగి కే-6 (కదిరి-6 రకం) పల్లి, వంద రోజులు దాటింది, ఆకులు పసుపెక్కినయి, పీకాల్నా ఆగాల్నా అని అడిగిన కదా అన్నలూ. తేలిందేమంటే ఆకు రంగును నమ్మొద్దు. టిక్కా మచ్చ తెగులు వచ్చినా, నీళ్లు తక్కువైనా ఆకు పండుతది.

చూడాల్సింది డొల్ల (కాయ పైపొట్టు) లోపలి వైపు. గట్లకు దూరంగ ఐదారు చోట్ల చెట్లు పీకి, ఉన్న కాయలన్నీ ఒలిచి చూడాలె. పెద్దకాయలే ఏరి చూస్తే లెక్క తప్పుతది. లోపల గోధుమ, నలుపు మచ్చలు పడి, గింజ తోలు గులాబీ రంగు తిరిగితే ముదిరినట్టు. తెల్లగ, మెత్తగ ఉంటే లేతది. వందకు 75–80 ముదిరితే పీకుడే. మా దాంట్ల సగమే అయినయి, ఆగుతున్నం.

మరీ ఆగినా నష్టమే: ఊడలు (కాయను చెట్టుకు పట్టి ఉంచే కాడలు) తెగి కాయ భూమిలనే మిగులుతది. కే-6 గింజకు నిద్రావస్థ (మొలకెత్తకుండ ఆగే గుణం) అంతంతే. వాన తగిలితే చేన్లనే మొలకొస్తది. నేల గట్టిగుంటే పీకే ముందు పల్చగ తడి పెట్టాలె. పీకినంక కాయలు పైకుండేటట్టు తిరగేసి ఆరబెట్టాలె. తేమ 8–9 శాతానికి దిగకుంటే బూజు, దాంతోని అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తది. విత్తనానికైతే నీడపట్టున ఆరబెట్టాలె.