ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ ఒక్కటే సరిపోతుందా, వోల్టేజీ మార్చే కన్వర్టర్ కూడా కొనాలా?

వచ్చే నెల అమ్మా నేనూ రెండు వారాలు జపాన్, అక్కడి నుంచి ఓ వారం లండన్ వెళ్తున్నాం. ప్లగ్గుల సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంది. కాబట్టి వాటితో దిగుల్లేదు. టోక్యోలో 50 హెర్ట్జ్, ఒసాకాలో 60 హెర్ట్జ్ అట, ఒకే దేశంలో ఇదేం చోద్యమో!

హెయిర్ డ్రయ్యర్ మీద మాత్రం 220-240 వోల్టులు, 1200 వాట్లు అనే ఉంది. జపాన్‌లో వచ్చేది 100 వోల్టులే. నా లెక్క ప్రకారం వేడి ఐదో వంతుకు పడిపోతుంది. 1200 వాట్లు మోసే కన్వర్టర్ అంటే పెద్ద బరువే. ఇంట్లో వదిలేయడమే నయమా?

అసలు గుబులు అమ్మ రాత్రిళ్లు వాడే సీపాప్ మెషీన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు ద్వారా గాలి పంపేది) గురించి. వోల్టేజీ 100-240 అనే ఉంది కానీ దాని ప్లగ్గుకు మూడు పిన్నులు. జపాన్‌లో చాలాచోట్ల రెండు చదును పిన్నుల సాకెట్లే, ఎర్త్ ఉండదు. ఎర్త్ లేకుండా రాత్రంతా నడిపితే ఫర్వాలేదా? ఇలా వాడినవాళ్లెవరైనా ఉన్నారా? కంపెనీవాళ్లను అడిగితే మాన్యువల్ చూసుకోమన్నారు, అందులో ఈ ముక్కే లేదు.

లండన్‌లో ఎర్త్ పిన్ను దూరితేనే మిగతా రంధ్రాలు తెరుచుకుంటాయట. కొన్ని యూనివర్సల్ అడాప్టర్లలో ఆ పిన్ను ఉత్త ప్లాస్టిక్‌దేనని విన్నా. కొనేముందు ఎలా గుర్తుపట్టాలి?