టచ్ ఫోన్‌లో ఆడితే అది పాత స్పేస్ ఇంపాక్టేనా?

మూడులాంతర్లు, విజయనగరం:
2000లో వచ్చిన నోకియా 3310లో స్పేస్ ఇంపాక్ట్ గుర్తుందా? ఎడమ పక్క మన ఓడ, కుడి పక్క నుంచి శత్రువులు, కాల్చుకుంటూ పోవడమే. సిరిమానోత్సవానికి వచ్చిన మా మేనల్లుడు దాని నకలు టచ్ ఫోన్‌లో వేసి, "మావయ్యా, నీ గేమ్ ఇదే కదా" అన్నాడు. ఆడి చూశాను. కాదు. బటన్లు లేకపోతే ఆ గేమే లేదంటాను. మీరేమంటారు?

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
ఒప్పుకోను అన్నయ్యా. ఓడ అదే, శత్రువులు వచ్చే వరసా అదే. మీరు వెతుక్కుంటున్నది గేమ్‌ని కాదు, ఆ వయసుని. మా ఇంట్లో ఆ ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోయి ఎప్పుడో మూలన పడింది. ఎవరో ఓపిగ్గా నకలు తీయబట్టే మా ఈడు వాళ్ళకి దాని పేరైనా తెలిసింది.

మూడులాంతర్లు:
వయసు అని తోసెయ్యకు తమ్ముడూ. ఆ తెర అడ్డంగా 84, నిలువుగా 48 చుక్కలు. మొత్తం 4,032. అంత చిన్న చోట రెండు చుక్కలు పైకి జరిగితే బతుకుతాం, లేకపోతే ఒక లైఫ్ పోయినట్టే. టచ్‌లో సరిగ్గా అక్కడే నా బొటనవేలు అడ్డొస్తోంది.

డిగ్రీ రోజుల్లో పాసింజర్‌లో వెళ్తుంటే స్నేహితుడి ఫోన్ చీపురుపల్లి దాటాక నా చేతికొచ్చేది. పొందూరులో తిరిగిచ్చెయ్యాలి. కాల్చే మీట మీద అంకె అరిగిపోయి ఉండేది. అయినా కిందికి చూడక్కర్లేదు. మీట మెత్తగా దిగి అడుగున చిన్నగా తగిలేది, గుండు వెళ్ళిందని వేలికే తెలిసిపోయేది. బండి ఎంత కుదిపినా వేలు తప్పేది కాదు. అద్దం మీద ఆ తగలడం ఏదీ?

గంటస్తంభం దగ్గర:
మధ్యలో ఒక మాట. 1978లో టైటో కంపెనీకి తొమొహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. ముందుగా అనుకుని పెట్టింది కాదది. అంతమందిని గీయడం అప్పటి చిప్‌కి బరువు. బొమ్మలు తగ్గేకొద్దీ పని తేలికై పరుగందుకుంది. బాగుందని ఆయన అలాగే ఉంచేశాడు. ఇప్పటి ఫోన్‌కి ఆ బరువే తెలీదు, నకలు చేసేవాళ్ళు ఆ వేగాన్ని లెక్కగట్టి మరీ పెట్టాలి. అంటే యంత్రం కూడా గేమ్‌లో భాగమే.

నాగావళి గట్టు:
లెక్కగట్టి పెట్టొచ్చనే కదా మీరూ అంటున్నారు! బటన్లూ అంతే. ఫోన్‌కి తగిలించే బటన్ల ప్యాడ్ నా దగ్గరుంది. ఆదివారం విజయనగరం తెస్తాను. మీ మేనల్లుడి ఫోన్‌కే పెట్టి చూద్దాం.

మూడులాంతర్లు:
తప్పకుండా రా. తెర మీద వేలు పడకపోతే సగం ఒప్పుకుంటాను. మిగతా సగం, ఆ మీట ఎలా దిగుతుందో చూశాకే.